అతుకుల రక్తపిశాచి

*ఒక వీడియో గేమ్ సగం పనితో విడుదలైంది. మూడు నెలలకే దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడింది. అయినా ఇరవయ్యేళ్లు దాటినా జనం ఇంకా ఆడుతున్నారు. సుల్తాన్ బజార్ చరిత్ర తెలిసినవాళ్లకు ఆ ఆటలోని రాజకీయం, తెలుగు భారతం పుట్టిన తీరు తెలిసినవాళ్లకు ఆ ఆట బతికిన తీరు వింతగా తోచవు.*

కోఠిలో బస్సు దిగి సుల్తాన్ బజార్‌లోకి నడిచేవాళ్లకు చీరల బేరాలు గుర్తుంటాయి గానీ, ఒకప్పుడు ఈ వీధుల్లో నిజాం హుకుం నడిచేది కాదన్న సంగతి గుర్తుండదు. పక్కనున్న రెసిడెన్సీ భవనాన్ని బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టించాడు. దాని చుట్టూ పెరిగిన బజారు రెసిడెన్సీ అధికారం కిందే ఉండేది. పేరుకు రాజ్యం నిజాంది. దర్బారు, ఫర్మానాలు, ఊరేగింపులు అన్నీ ఆయనవే. చివరి మాట మాత్రం మూసీకి ఇవతలి ఒడ్డున, ఆ ఎత్తైన స్తంభాల వెనక నుంచి వచ్చేది. 1933లో బజారు నిజాం చేతికి తిరిగొచ్చాకే దీనికి ఇప్పటి పేరు వచ్చింది.

పైకి కనిపించే ఏలిక ఒకరు, వెనక నుంచి నడిపించేది మరొకరు, మధ్యలో ఒకరి చట్టం మరొకరిని తాకని చిన్న జాగా. సరిగ్గా ఈ అమరికనే లాస్ ఏంజెలస్ నగరానికి తగిలించి, ఏలేవాళ్లందరినీ రక్తపిశాచాలుగా మార్చిన వీడియో గేమ్ 'వాంపైర్: ద మాస్కరేడ్ - బ్లడ్‌లైన్స్'. ఊరికి మేయరూ పోలీసులూ ఉంటారు. అసలు పెత్తనం ఆకాశహర్మ్యం పై అంతస్తులో కూర్చున్న 'ప్రిన్స్' లాక్రోయిది. అతని మాట వినని తిరుగుబాటు ముఠాలు వేరే పేటల్లో ఉంటాయి. కొన్ని చోట్లను 'ఎలీజియం' అంటారు. బద్ధశత్రువులు ఎదురుపడినా అక్కడ ఆయుధం తీయకూడదు, అతీతశక్తులు వాడకూడదు.

2004లో వచ్చిన ఈ ఆటను గొప్పదనే వాళ్లూ, తప్పులతడక అనే వాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ నిజమే.

ముసుగు తీస్తే శిక్ష

దీనికి మూలం కంప్యూటర్‌లో లేదు. 1991లో మార్క్ రైన్-హేగన్ అనే అమెరికన్ రూపొందించిన బల్లమీది ఆట అది. నలుగురు కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతోనే కథ నడుపుకుంటారు. అంతకుముందు అలాంటి ఆటల్లో రాక్షసులను చంపడమే ఎక్కువగా ఉండేది. ఇక్కడ రాక్షసుడు ఆటగాడే. లోపలి ఆకలిని ఎంతవరకు అదుపు చేసుకోగలడు అన్నదే పోటీ.

కంప్యూటర్ ఆట ఆ సూత్రాన్ని వదల్లేదు. మీరొక పేరులేని మనిషి. ఒక రాత్రి మిమ్మల్ని ఎవరో అనుమతి లేకుండా రక్తపిశాచిగా మారుస్తారు. ఆ నేరానికి ఆ వ్యక్తిని మీ కళ్లముందే చంపుతారు. మిమ్మల్ని రాజకీయ అవసరం కొద్దీ బతకనిస్తారు. ఇక ఊళ్లో మీకు రెండు లెక్కలు తప్పవు. ఒకటి ముసుగు. మనుషుల ఎదుట శక్తులు చూపినా, నలుగురూ చూస్తుండగా మెడ కొరికినా ఒక ఉల్లంఘన పడుతుంది. అయిదు పడితే ఆట ముగిసినట్టే. రెండోది మానవత్వం. అమాయకుడి రక్తం చివరి చుక్క దాకా తాగేస్తే అది తరుగుతుంది. తరిగేకొద్దీ ఆకలి మీ అదుపు తప్పి, ఎవరి మీద పడుతున్నారో మీకే తెలియని ఉన్మాదం త్వరగా కమ్ముకుంటుంది.

ఏడు వంశాల్లో ఏది ఎంచుకుంటారో దాన్నిబట్టి ఊరే మారిపోతుంది. వెంట్రూలు దొరతనం వెలగబెట్టే కులీనులు. బిచ్చగాడి రక్తం తాగితే కక్కుకుంటారు. నాస్ఫెరాటులు చూడటానికే భయంకరంగా ఉంటారు. వీధిలో మనిషి కంటపడటమే ఉల్లంఘన కాబట్టి మురుగు కాలువల్లోంచి తిరగాలి. మల్కావియన్లు మతి చెదిరినవాళ్లు. వాళ్లతో ఆడేటప్పుడు మీరు పలికే ప్రతి వాక్యాన్నీ రచయితలు విడిగా రాశారు. టీవీలో వార్తలు చదివేవాడు మీతోనే మాట్లాడతాడు. రోడ్డు పక్కన 'ఆగుము' బోర్డుతో మీరు వాదన పెట్టుకోవచ్చు. ఆ పిచ్చిమాటల్లో కథ ముగింపు తాలూకు జాడలు ముందే ఉంటాయి. అది రెండోసారి ఆడినప్పుడు గానీ తెలియదు.

కత్తి పని తక్కువ

బేతాళ కథల్లో విక్రమార్కుడి కత్తికి పెద్దగా పనుండదు. పరీక్షంతా నోటిదే. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. 'బ్లడ్‌లైన్స్' మొదటి సగం ఆ జాతికి చెందినదే. చంపినందుకు ఇక్కడ అనుభవం పాయింట్లు రావు, పని పూర్తయితేనే వస్తాయి. కాబట్టి కాపలాదారును కాల్చినవాడికీ, నచ్చజెప్పినవాడికీ, చీకట్లో దాటిపోయినవాడికీ ఫలితం ఒకటే. నచ్చజెప్పడం, బెదిరించడం, వలపు వల వేయడం మూడూ వేర్వేరు నైపుణ్యాలు. వాటిలో మీకున్న పట్టును బట్టి సంభాషణలో కొత్త దారులు తెరుచుకుంటాయి.

శాంటా మోనికా పేటలోని ఆసుపత్రిలో హెదర్ అనే అమ్మాయి చావుబతుకుల్లో ఉంటుంది. మీ రక్తం కొన్ని చుక్కలు పోస్తే బతుకుతుంది. మంచి పని చేశామని బయటికొస్తారు. కొన్నాళ్లకు ఆమె మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. మీ రక్తం తాగినందువల్ల ఆమె ఇప్పుడు మీకు బానిస, ఆ బానిసత్వాన్నే ప్రేమ అనుకుంటుంది. చదువు మానేస్తుంది, ఇల్లు సర్దుతుంది, మీకు కానుకలు తెస్తుంది. ఒకరోజు మీ ఆకలి తీర్చడానికి ఎవరో మనిషినే ఇంటికి తెచ్చి బంధిస్తుంది. దగ్గర ఉంచుకుంటే ఆమె సేవ మీకు లాభం. మనసు రాయి చేసుకుని వెళ్లిపొమ్మనకపోతే చివరికి ఆమె ప్రాణానికే ముప్పు. నేను మొదటిసారి ఆడినప్పుడు ఆమెను పంపలేదు. ఆట నన్ను తిట్టలేదు, పాయింట్లు కోయలేదు. జరగాల్సింది జరిగిపోయింది. నీతి చెప్పకుండా తప్పు అనుభవానికి తెచ్చే ఇలాంటి కథనం ఇప్పటి ఖరీదైన ఆటల్లోనూ అరుదు.

ఓషన్ హౌస్ హోటల్ ఘట్టాన్ని ఈ ఆటను తిట్టేవాళ్లు కూడా మెచ్చుకుంటారు. తగలబడి పాడుబడ్డ హోటల్లోకి వెళ్లి ఒక లాకెట్టు తేవాలి. పోరాడటానికి లోపల ఒక్క శత్రువూ లేడు. దీపాలు పగులుతాయి, కుండీలు ఎగురుతాయి, పాత దినపత్రికల ముక్కల్లో ఒక కుటుంబం ఎలా నాశనమైందో తెలుస్తుంది. మీరే రక్తపిశాచి అయినా భయపడేది మీరే.

తొందర కాన్పు

ఈ ఆటను తయారుచేసిన ట్రోయికా గేమ్స్‌ను 1998లో టిమ్ కెయిన్, లెనర్డ్ బోయార్‌స్కీ, జేసన్ ఆండర్సన్ స్థాపించారు. అంతకుముందు ముగ్గురూ 1997 నాటి 'ఫాలౌట్' సృష్టిలో ముఖ్యులు. ట్రోయికా తీసిన 'ఆర్కేనమ్' (2001), 'టెంపుల్ ఆఫ్ ఎలిమెంటల్ ఈవిల్' (2003) రెండింటికీ ఒకే పేరుంది: ఊహ గొప్పది, పని అసంపూర్తి. 'బ్లడ్‌లైన్స్' కోసం వాళ్లు వాల్వ్ కంపెనీ సోర్స్ ఇంజన్ (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్) తీసుకున్నారు. మనుషుల ముఖాల్లో కనుబొమ్మల కదలిక దాకా చూపగల ఇంజన్ అది. అయితే వాల్వ్ అప్పటికి దాన్ని ఇంకా తయారుచేస్తూనే ఉంది. కింద పునాది పోస్తుండగా పైన గోడలు లేపిన పని ఇది. పైగా వాల్వ్ సొంత ఆట 'హాఫ్-లైఫ్ 2' బయటికి రాకముందు దీన్ని విడుదల చేయకూడదన్నది ఒప్పందం.

ప్రచురణకర్త యాక్టివిజన్ చివరికి దీన్ని 2004 నవంబర్ 16న, అంటే 'హాఫ్-లైఫ్ 2' వచ్చిన రోజునే వదిలింది. అంతకు వారం ముందు 'హేలో 2', తర్వాతి వారం 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వచ్చాయి. అలాంటి నెలలో కొన్నవాళ్లే తక్కువ. కొన్నవాళ్లకు కనిపించింది ఆగిపోయే ఆట. ఒక ఘట్టం చివర, మఠం నుంచి తప్పించుకునే దృశ్యంలో ఆట అక్కడికక్కడే నిలిచిపోయేది. ఒక పేట నుంచి మరో పేటకు వెళ్లాలంటే నిరీక్షణ. కత్తి తిప్పినా తుపాకీ పేల్చినా చేతికి పట్టు దొరకదు.

రూపకల్పనలో ఉన్న లోపాలు ఇంకా పెద్దవి. హాలీవుడ్ పేట కింది మురుగు సొరంగాల దగ్గర సంభాషణల ఆట కాస్తా నరుకుడు ఆటగా మారిపోతుంది. అప్పటిదాకా మాటనేర్పు మీదే పాయింట్లన్నీ పెట్టినవాడికి ఆ సొరంగాలు నరకం. చివరి ఘట్టాలూ అంతే, ఎంత వాక్చాతుర్యం ఉన్నా తుపాకీ పట్టక తప్పదు. చైనాటౌన్ పాత్రల్లో సినిమా మూసలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆడపాత్రల వేషధారణ రాసినవాళ్ల చూపును పట్టిస్తుంది. సమయం చాలలేదన్న సాకు ఈ చివరి రెండింటికీ వర్తించదు.

ట్రోయికా 2005 ఫిబ్రవరిలో మూతపడింది. కొన్నవాళ్ల చేతిలో పగుళ్లున్న ఆట మిగిలింది. బాగుచేయమని అడగడానికి ఎవరూ లేరు.

నారాయణగూడ నెట్ సెంటర్‌కు సరిపడనిది

ఆ ఏడాది మన దగ్గర పరిస్థితి గుర్తు చేసుకోండి. బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది 2005 జనవరిలో. ఇంట్లో కంప్యూటర్ ఉంటే అది ఎంసెట్ ర్యాంకు కోసం కొన్నదని నాన్న నమ్మకం. చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లోని నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బులు, చెక్క క్యాబిన్లు, 'కౌంటర్-స్ట్రైక్' కేకలు, 'వైస్ సిటీ' కారు హారన్లు. కోచింగ్ ఎగ్గొట్టి వచ్చిన కుర్రాడికి అర్ధగంటలో ఫలితం తేలాలి. తాపీగా వింటూ, చదువుతూ, అలవాటు లేని అమెరికన్ యాసలో వెటకారం పట్టుకుంటూ రాత్రుల తరబడి సాగే ఆట అక్కడ ఇమడదు. మధ్యలో దాచుకున్న ఆటను మరుసటి రోజు అదే సిస్టమ్ మీద కూర్చున్నవాడు చెరిపేయడనే హామీ లేదు. గుజరాతీ గల్లీ నుంచి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి విడిభాగాలు తెచ్చి బిగించుకున్న సిస్టముల్లో విడి గ్రాఫిక్స్ కార్డు చాలామందికి విలాసం.

అందుకే మనలో చాలామందికి ఈ ఆట తన కాలంలో పరిచయం కాలేదు. ఉద్యోగాలు వచ్చి, సొంత ల్యాప్‌టాప్, వేగమైన నెట్ అమరాక, పదేళ్లో పదిహేనేళ్లో ఆలస్యంగా దొరికింది. ఆ ఆలస్యం ఒక రకంగా అదృష్టం. మన చేతికొచ్చేసరికి ఆట బాగుపడి ఉంది.

ఎర్రన చేసిన పని

బాగుచేసింది ప్రధానంగా వెర్నర్ స్పాల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. ఆటల కంపెనీల్లో పనిచేసినవాడు కాదు. మరొకరు మొదలుపెట్టి వదిలిన అనధికార ప్యాచ్‌ను (తప్పులు దిద్దే ఫైళ్లను) 2005లో అందుకుని, తీరిక వేళల్లో, జీతం లేకుండా ఏళ్ల తరబడి కొత్త సంచికలు తెస్తూ వచ్చాడు. మొదట ఆగిపోయే చోట్లు సరిచేశాడు. తర్వాత ఆట ఫైళ్లను తవ్వితే, ట్రోయికా వాళ్లు రాసి, గొంతు రికార్డు చేసి, సమయం లేక వదిలేసిన సంభాషణలు, పనులు, వస్తువులు లోపలే దొరికాయి. వాటినీ తిరిగి అతికించాడు.

ఇక్కడే తెలుగువాళ్లకు బాగా తెలిసిన చిక్కు ఎదురవుతుంది. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన ఆ వదిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన ఆ ఖాళీ పూరించాడు. నన్నయ ధోరణిలో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన ధోరణిలోకి జారి, అతుకు కనబడకుండా చేశాడు. ఆ భాగాన్ని తన ప్రభువు ప్రోలయ వేమారెడ్డికి కాక, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే, నన్నయే రాసినట్టుగా అంకితం చేశాడు. పోతన భాగవతంలోనూ గంగన, సింగన, నారయ పూరించిన స్కంధాలున్నాయి. పూరించేవాడు తన గొంతు ఎంత వినిపించాలి, మూలకర్త మనసును ఎంత ఊహించాలి అన్న ప్రశ్న మనకు శతాబ్దాల పాతది.

స్పాల్ ప్యాచ్ మీద కూడా ఇదే తగవు లేచింది. తప్పులు దిద్దడం సరే, వదిలేసిన సరుకు తెచ్చి కలపడానికి ఆయనెవరు అని కొందరు ఆటగాళ్లు నిలదీశారు. కంపెనీ కావాలనే తీసేసిందేమో, ఆట రుచి మారుతోందేమో అన్నది వాళ్ల అభ్యంతరం. చివరికి ప్యాచ్ రెండు పాయలైంది. 'బేసిక్' తప్పులు మాత్రం దిద్దుతుంది. 'ప్లస్' వదిలేసినవాటిని కూడా తిరిగి చేరుస్తుంది. ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకుంటారు. ఎర్రనకు ఈ సౌకర్యం లేదు.

ఒక్కటి మాత్రం గమనించాలి. ఆ కాలంలో పగుళ్లతో వచ్చిన ఆటలు ఇంకా చాలా ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఏ స్పాల్ దొరకలేదు. బాగుచేసేవాడు ఇరవయ్యేళ్లు కూర్చోవాలంటే లోపల అంత సరుకు ఉండాలి. హెదర్ కథ, ఓషన్ హౌస్, మల్కావియన్ల మాటలు లేకపోతే ఆ సొరంగాలను బాగుచేయాలని ఎవరికీ అనిపించదు.

డబ్బుతో పూర్తయినది

రెండో భాగం కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది. స్వీడన్ కంపెనీ పారడాక్స్ 2015లో వాంపైర్ హక్కులు కొని, 2019లో 'బ్లడ్‌లైన్స్ 2' ప్రకటించింది. కొన్నాళ్లకు మొదటి ఆట ముఖ్య రచయిత బ్రయన్ మిత్సోడాను తప్పించింది. 2021లో తయారుచేస్తున్న స్టూడియోనే మార్చి, పని బ్రిటన్‌లోని 'ద చైనీస్ రూమ్' చేతికిచ్చింది. విడుదలకు ముందు రెండు వంశాలకు విడిగా డబ్బు కట్టాలన్నారు. జనం గొడవపెడితే వెనక్కి తగ్గారు. 2025 అక్టోబర్‌లో సియాటిల్ నేపథ్యంలో వచ్చిన ఆ ఆట మొదటిదాని కన్నా నున్నగా నడుస్తుంది. అయినా సమీక్షలు రెండుగా చీలాయి. పాత ఆట అభిమానుల ఫిర్యాదు ఒకటే: మనం ఎవరన్న దాన్నిబట్టి ఊరు మారడం ఇందులో తగ్గిపోయింది. నాకు తోచినంతలో, మరమ్మతు చేయడానికి తప్పులు తక్కువే, తిరిగి చేర్చడానికి లోపల దాగిందీ తక్కువే.

ఇప్పుడు ఆడాలంటే

— స్టీమ్, గాగ్ ఆన్‌లైన్ అంగళ్లు రెండింటిలోనూ దొరుకుతుంది. పండగ తగ్గింపుల్లో చవక. పాత ఆట కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ చాలు.
— గాగ్ ప్రతిలో బేసిక్ ప్యాచ్ ముందే కలిపి ఉంటుంది. ఇతర ప్రతులకు ప్యాచ్ వేయకుండా మొదలుపెట్టొద్దు.
— మొదటిసారికి టొరియడోర్ లేదా బ్రూహా వంశం సులువు. మల్కావియన్, నాస్ఫెరాటు రెండోసారికి ఉంచుకోండి.
— మాటనేర్పు మీద ఎంత ఖర్చుపెట్టినా, ఒక ఆయుధ విద్యకు కొన్ని పాయింట్లు దాచండి. హాలీవుడ్ సొరంగాల్లో నాకు దండం పెడతారు.
— పెద్దలకు మాత్రమే. రక్తం, హింస, శృంగార సంభాషణలు, ఆత్మహత్య ప్రస్తావన ఉన్నాయి.

ఎవరి అల్మారాలో?

ఈ ఆట బతికింది నియమం వల్ల కాదు, ఒక మనిషి పట్టుదల వల్ల. మిగతావాటి సంగతేమిటి? అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్లో దొరకవని తేలింది. గ్రంథాలయాలు అలాంటి ఆటలను పరిశోధకులకు ఇంటినుంచే చూసే వీలు కల్పించనివ్వండి అని అడిగితే, 2024 అక్టోబర్‌లో అక్కడి కాపీరైట్ కార్యాలయం కాదంది.

మన చట్టం ఇంకో మలుపు తిప్పుతుంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం ఒక రచనను భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ ప్రతి చేసుకోవచ్చు. అయితే డిజిటల్ కాని ప్రతి ఒకటి అప్పటికే ఆ గ్రంథాలయం దగ్గర ఉండాలి. కాగితం పుస్తకానికి ఇది చక్కగా సరిపోతుంది. వీడియో గేమ్‌కు డిజిటల్ కాని ప్రతి అంటూ ఎక్కడుంటుంది? పుట్టుకే డిజిటల్ అయిన సృజనకు ఆ వాక్యంలో చోటు లేదు.

సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901 సెప్టెంబర్ 1న మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకే ఆదరణ లేని రోజులవి. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు కలిసి, రావిచెట్టు వారింట్లోనే అల్మారాలు పెట్టారు. ఈ పుస్తకాలు ఎవరు చదువుతారని వాళ్లను అడిగినవాళ్లు ఉండే ఉంటారు. ఇవాళ పాత ఆటల గురించి అడిగితే అదే ఎదురుప్రశ్న వస్తుంది.

ఏళ్ల తరబడి ఆటల తయారీదార్ల సమావేశాలు జరిగిన నగరం మనది. స్టూడియోలున్నాయి, యానిమేషన్ కళాశాలలున్నాయి. కానీ పదిహేనేళ్ల కిందట ఇక్కడే తయారైన ఒక ఫోన్ గేమ్ చూడాలని విద్యార్థి అడిగితే చూపించే అల్మారా లేదు. చేయాల్సినవి రెండు. చట్టంలోని ఆ 'డిజిటల్ కాని' షరతును సవరించమని అడగడం ఒకటి. సవరించేలోగా ఒక విశ్వవిద్యాలయమో గ్రంథాలయమో స్థానిక స్టూడియోల అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, వాళ్ల పాత ఆటల ప్రతులూ, అవి నడిచే పాత ఫోన్లూ కంప్యూటర్లూ సేకరించడం రెండోది. మొదటిదానికి పార్లమెంటు కావాలి. రెండోదానికి ఒక గది, ఒక కరెంటు మీటరు, జాబితా రాసుకునే ఓపికున్న ఇద్దరు మనుషులు చాలు.